ఖాళీ ఫారాల మీద సంతకం, ఖమ్మంలో కనిపించిన కారు

ప్రశ్న: మాది హైదరాబాదులోని వనస్థలిపురం. 2017లో నా పేరు మీద కొన్న తెల్ల స్విఫ్ట్ కారు 2024 సెప్టెంబరులో ఒక రాత్రి మా ఇంటి ముందు నుంచి పోయింది. మర్నాడు ఉదయమే ఫిర్యాదు చేస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేశారు. అద్దం పగిలిన ఆనవాలు గాని, గాజుపెంకులు గాని అక్కడ లేవు. ఒరిజినల్ ఆర్సీ కారు డ్యాష్‌బోర్డులోనే ఉండిపోయింది. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్నందున పరిహారం రాలేదు. ఏడాది దాటాక నా ఫోనుకు ఖమ్మం నుంచి నో పార్కింగ్ చలానా వచ్చింది. అందులోని ఫొటోలో వెనక బంపరు ఎడమ మూలన మా అమ్మాయి స్కూటీ తగిలి పడిన గీత స్పష్టంగా కనిపించింది. వెళ్లి వాకబు చేస్తే కారు టెంట్‌హౌస్ నడుపుకొనే ఒకాయన దగ్గర ఉంది. హైదరాబాదులో ఒక మధ్యవర్తి ద్వారా 3,80,000 రూపాయలకు కొన్నానని చెప్పి, నా సంతకాలున్న బదిలీ కాగితాలు, అంటే 29, 30 ఫారాలు, దూరం నుంచి చూపించాడు. "నేనూ మోసపోయినవాణ్నే, రెండు లక్షలు ఇచ్చి మీ కారు తీసుకెళ్లండి" అంటున్నాడు. మా స్టేషన్ ఎస్సైగారు కేసు ఎప్పుడో మూసేశామని, ఇది సివిల్ తగాదా అని అంటున్నారు. వేరొక బ్రోకరు 40,000 ఇస్తే కారు తెచ్చి అప్పగిస్తానంటున్నాడు. రెండో తాళంచెవి మన దగ్గరే ఉంది కదా, ఒక రాత్రి వెళ్లి తెచ్చేస్తానని మా మరిది. కారు పోవడానికి ఆరు నెలల ముందు అమ్ముదామనుకుని ఒక కన్సల్టెన్సీలో రెండు రోజులు ఉంచి, ధర నచ్చక వెనక్కి తెచ్చుకున్నాం. అప్పుడు వాళ్లు అడిగితే ఏవో రెండు మూడు కాగితాల మీద సంతకం చేశాను. మా కారు మాకు వస్తుందా?

సమాధానం:

ముందుగా మీ మరిదిగారిని ఆపండి. మన వస్తువును మనం తెచ్చుకుంటే తప్పేమిటని అనిపించడం సహజమే గాని, తెల్లవారి లేచిన ఆ టెంట్‌హౌస్ యజమాని తన వాకిట్లో కారు లేదని ఖమ్మంలో ఫిర్యాదు చేస్తే, ఇన్నాళ్లూ ఫిర్యాదిగా ఉన్న మీరు సంజాయిషీ చెప్పుకోవలసిన మనిషిగా మారిపోతారు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. పోలీసులు పంచనామా రాసి, ఛాసిస్ నంబరు సరిచూసి స్వాధీనం చేసుకుంటే తప్ప ఆ కారు రికార్డుల్లో పోయిన కారుగానే మిగిలిపోతుంది. ఏ తనిఖీలో ఆపినా మీరు ఎఫ్‌ఐఆర్ కాగితం పట్టుకుని కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి, రేపు అమ్మబోయినా కొనేవాడు ఆ రికార్డు చూసి వెనక్కి తగ్గుతాడు. అది ఎవరెవరి చేతులు మారి ఖమ్మం చేరిందో చెప్పగల సాక్ష్యం కూడా ఆ రాత్రితోనే చెరిగిపోతుంది.

ఇక హక్కు విషయం. మనకు 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. యజమాని కానివాడు, యజమాని అనుమతి లేకుండా వస్తువును అమ్మితే, అమ్మినవాడికి ఎంత హక్కు ఉందో కొన్నవాడికీ అంతే హక్కు వస్తుందని దాని 27వ సెక్షన్ చెబుతుంది. దొంగకు కారు మీద హక్కు ఏమీ లేదు గనుక, అతని దగ్గర కొన్నవాడికి గాని, ఆ తరవాత కొన్న మూడో మనిషికి గాని హక్కు పుట్టదు. కొన్నాయన మంచివాడే కావచ్చు, పూర్తి ధర చెల్లించే ఉండవచ్చు, అయినా ఆ మంచితనం వల్ల కారు ఆయనది కాదు. దొంగసొత్తు ఎన్ని చేతులు మారినా, హక్కుదారు చేతికి తిరిగి వచ్చేదాకా దొంగసొత్తేనని నేరాలనూ శిక్షలనూ చెప్పే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్‌లోని నిర్వచనం కూడా చెబుతోంది.

ఇంతవరకు అంతా మీకు అనుకూలమే. అయితే మీ ఉత్తరంలో చివరన, అంత ముఖ్యం కాదన్నట్టు రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. కన్సల్టెన్సీలో "ఏవో రెండు మూడు కాగితాల మీద" చేసిన ఆ సంతకాలే ఈ వ్యవహారానికంతటికీ కీలకం. మన ఊళ్లలో సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీల్లో ఇది రివాజు. కారు వదిలిన రోజే యజమాని చేత 29, 30 ఫారాల మీద సంతకం చేయించుకుని, కొనేవారి పేరు, తేదీ రాసే చోట్లు ఖాళీగా ఉంచుతారు. బేరం కుదిరినప్పుడు మళ్లీ పిలిపించకుండా పని అయిపోవడం కోసమని చెబుతారు. 29వ ఫారం అంటే బండి ఫలానావారికి బదిలీ చేశానని అమ్మినవారు రవాణా శాఖకు ఇచ్చే సమాచారం, 30వది ఆ బదిలీని నమోదు చేయమని పెట్టుకునే దరఖాస్తు. కారు వెనక్కి తెచ్చుకున్న రోజున ఆ కాగితాలు కూడా అడిగి తీసుకున్నారా? తీసుకున్నట్టు మీరు రాయలేదు. రెండు రోజులు వాళ్ల దగ్గర ఉన్న తాళంచెవికి నకలు చేయించుకోవడం అసాధ్యమేమీ కాదు. అద్దం పగలకుండా కారు ఎలా కదిలిందన్న ప్రశ్నకు జవాబు అటువైపు ఉండవచ్చు. ఉండవచ్చు అని మాత్రమే అంటున్నాను. ఆ సంస్థ పేరు బయట ఎక్కడా ఎత్తవద్దు. జరిగింది జరిగినట్టు దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా చెప్పండి, నిగ్గు తేల్చవలసింది ఆయన.

ఈ సంతకాల వల్ల మీ హక్కు పోతుందా అంటే, నా అభిప్రాయంలో పోదు, కానీ ఎదుటి పక్షానికి ఒక వాదన దొరుకుతుంది. పైన చెప్పిన 27వ సెక్షన్‌కే ఒక మినహాయింపు ఉంది. వస్తువులు అమ్మిపెట్టడమే వ్యాపారంగా ఉన్న ఏజెంటు దగ్గర యజమాని తన ఇష్టంతో వస్తువు ఉంచినప్పుడు, ఆ ఏజెంటు తన వ్యాపార ధోరణిలో దాన్ని అమ్మేస్తే, నిజాయితీగా కొన్నవారికి హక్కు సంక్రమిస్తుంది. మీ కారు ఆ కన్సల్టెన్సీలో ఉన్న రెండు రోజుల్లోనే వాళ్లు దాన్ని అమ్మేసి ఉంటే, నేను ఈరోజు ఇంత ధైర్యంగా రాయగలిగేవాణ్ని కాదు. మీరు కారును వెనక్కి తెచ్చుకున్నారు, ఆరు నెలలు వాడుకున్నారు, తరవాత అది మీ ఇంటి ముందు నుంచి మీ ఎరుక లేకుండా పోయింది. అమ్మకం జరిగిన నాటికి అది మీ సమ్మతితో ఎవరి దగ్గరా లేదు. అందువల్ల ఈ మినహాయింపు మీకు వర్తించదు. యజమాని తన ప్రవర్తన ద్వారా అమ్మినవాడికి అధికారం ఉన్నట్టు కనబరిచాడనే వాదన మరొకటి రావచ్చు. దానికి జవాబు మీరు కారు వెనక్కి తెచ్చుకున్నట్టు చూపే ఆధారాలే. ఆ ఆరు నెలల్లో చేయించిన సర్వీసింగ్ బిల్లు, టోల్ కట్టినప్పుడు వచ్చిన ఫాస్టాగ్ సందేశాలు, పెట్రోలు బంకులో కార్డుతో చెల్లించిన మొత్తాలు, ఏది దొరికితే అది తీసి ఉంచుకోండి.

ఒక్క పొరపాటు మాత్రం చేయవద్దు. ఆ ఫారాల మీది సంతకాలు మీవి కావని, ఎవరో ఫోర్జరీ చేశారని పిటిషన్‌లో రాయించకండి. మీరు వాటిని దూరం నుంచి చూశారే తప్ప చేతిలోకి తీసుకుని పరిశీలించలేదు. అవి మీరే కన్సల్టెన్సీలో పెట్టినవై ఉండటానికి అవకాశం చాలా ఉంది. మీరు ప్రమాణం చేసి కాదన్న సంతకం మీదేనని ఫోరెన్సిక్ ల్యాబు తేల్చిందంటే, మీరు చెప్పిన మిగతా నిజాలకు కూడా విలువ పోతుంది. "అమ్మకం కోసం ఖాళీ ఫారాల మీద సంతకం చేసి ఇచ్చాను, బేరం కుదరక కారు తెచ్చుకున్నాను, ఆ ఫారాలు నాకు తిరిగి ఇవ్వలేదు, ఈ అమ్మకానికి నేను ఒప్పుకోలేదు, దాని తాలూకు ఒక్క రూపాయి నాకు ముట్టలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఎదుటి వకీలు ఆ కాగితాలు బయటపెట్టి మిమ్మల్ని ఇరుకున పెట్టకముందే మీరే ఆ సంగతి చెప్పడం మేలు.

కేసు మూసేశామన్న మాటకు కూడా మీరు జంకనవసరం లేదు. సొత్తు దొరకలేదని, నిందితులు తెలియలేదని తుది నివేదిక ఇచ్చిన కేసులో కొత్త ఆధారం దొరికితే తదుపరి దర్యాప్తు చేయవచ్చునని దర్యాప్తు, విచారణ పద్ధతులను చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షన్ తొమ్మిదో ఉపవిభాగం చెబుతోంది. మీ దగ్గర ఉన్నది మామూలు ఆధారం కాదు. కారు ఫొటో, తేదీ, స్థలం, వాడుతున్న మనిషి ఆచూకీ అన్నీ ఉన్నాయి. ఎస్సైగారితో మాటల్లో తేల్చుకోవాలని చూడకుండా, ఎఫ్‌ఐఆర్ క్రైం నంబరు మొదటి వాక్యంలోనే వచ్చేలా ఒక దరఖాస్తు రాసి, చలానా ప్రింటు జతచేసి, రెండో ప్రతి మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, ఒక ప్రతి ఏసీపీకి, ఒకటి పోలీసు కమిషనరుకు పంపండి. అప్పటికీ కదలిక లేకపోతే మీ స్టేషన్ పరిధిలోని మేజిస్ట్రేట్ కోర్టులో న్యాయవాది ద్వారా అర్జీ వేయవచ్చు. చలానా ఫొటో విషయంలో ఆలస్యం మంచిది కాదు. ఖమ్మం ఆయన ఆ జరిమానా కట్టేసినా, కారుకు నంబరు పలక మార్చినా మీకు పని కష్టమవుతుంది. ఫోనులో వచ్చిన సందేశాన్ని తుడిచేయకండి, ఫోను మార్చకండి. ఇదంతా సివిల్ తగాదా అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు, ఎందుకంటే చివరికి హక్కు ఎవరిదన్న వివాదాన్ని సివిల్ కోర్టే తేలుస్తుంది. కానీ దొంగతనం కేసులోని సొత్తు కళ్లెదుట కనిపిస్తుంటే దాన్ని స్వాధీనం చేసుకునే బాధ్యత పోలీసుల నుంచి తప్పదు. అందుకు నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద వారికి అధికారం ఉంది, స్వాధీనం చేసుకున్న సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయవలసిన విధి కూడా ఉంది.

కారు స్టేషన్‌కు చేరిన తరవాత చాలామంది చేసే పొరపాటు, "మా కారు మాకిచ్చేయండి" అని స్టేషన్ చుట్టూ తిరగడం. అది ఇప్పుడు కోర్టు ఆధీనంలోని సొత్తు. కేసు తేలేదాకా కారును మీ దగ్గర ఉంచుకునే మధ్యంతర కస్టడీ కోరుతూ మేజిస్ట్రేటు ముందు పిటిషన్ వేయాలి. కారును కోర్టు ముందు హాజరుపరిచి ఉంటే నాగరిక సురక్షా సంహిత 497వ సెక్షన్, పోలీసులు స్వాధీనం చేసుకుని నివేదిక మాత్రమే ఇచ్చి ఉంటే 503వ సెక్షన్ వర్తిస్తాయి. పాత నేరశిక్షా స్మృతి (సీఆర్పీసీ)లో ఇవే 451, 457. ఖమ్మం ఆయన కూడా తన పిటిషన్ తాను వేసుకోవచ్చు, అప్పుడు కోర్టు ఇద్దరి మాటా వింటుంది. రిజిస్ట్రేషన్ మీ పేరునే ఉండటం, పోయిన మర్నాడే ఫిర్యాదు చేసి ఉండటం మీకు పెద్ద బలం. పట్టుబడిన వాహనాలను స్టేషన్ ఆవరణలో ఏళ్ల తరబడి ఉంచి తుప్పు పట్టించవద్దని, తగిన పూచీకత్తు తీసుకుని విడుదల చేయాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఏ స్టేషన్ వెనక చూసినా టైర్లు నేలకు అతుక్కుపోయి, బానెట్ల మీద పిచ్చితీగలు పాకిన బళ్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయనుకోండి, అది వేరే సంగతి. మీరు మాత్రం స్వాధీనం జరిగిన వారంలోపే పిటిషన్ పడేలా చూసుకోండి. కోర్టు మీకు కారు ఇచ్చినా కొన్ని షరతులు పెడుతుంది. బాండు, జామీనుదారులు, కారుకు నలువైపులా ఫొటోలు, కోర్టు అడిగినప్పుడు హాజరుపరచడం, అనుమతి లేకుండా అమ్మకపోవడం, రంగు మార్చకపోవడం వంటివి అందులో ఉంటాయి. ఇది కారు వాడుకోవడానికి ఇచ్చిన అనుమతే తప్ప హక్కు మీద తుది తీర్పు కాదు. కేసు విచారణ ముగిశాక సొత్తు ఎవరికి చెందాలో 498వ సెక్షన్ కింద ఉత్తర్వు వస్తుంది.

ఛాసిస్ నంబరు గురించి ఒక మాట. పదిహేడు అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ నంబరును కారు లోహం మీదే చెక్కుతారు. స్వాధీనం చేసుకునేటప్పుడు మీరూ అక్కడ ఉండి, 2017 నాటి షోరూం ఇన్‌వాయిస్‌తో దాన్ని ఒక్కొక్క అక్షరమే సరిపోల్చుకోండి. దాన్ని అరగదీసి కొత్త నంబరు కొట్టినట్టు అనుమానం వస్తే భయపడకండి. లోహాన్ని రసాయనాలతో శుద్ధి చేసి అడుగున ఉన్న పాత అంకెలను బయటికి తెచ్చే పద్ధతి ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఉంది. ఆర్సీ పోయింది గనుక, ఆర్టీఏ కార్యాలయం నుంచి మీ రిజిస్ట్రేషన్ వివరాల ధ్రువీకృత ప్రతి తీసుకోండి. అదే రోజున, బండి దొంగతనానికి గురైందని, ఎవరు దరఖాస్తు పెట్టినా బదిలీ చేయవద్దని ఎఫ్‌ఐఆర్ ప్రతితో అక్కడ రాసి ఇవ్వండి. నిజానికి ఈ పని 2024 సెప్టెంబరులోనే జరిగి ఉండవలసింది. ఆయన ఇన్నాళ్లూ కారును తన పేరుకు మార్పించుకోకపోవడం మీ అదృష్టం. మార్పించుకుని ఉంటే ఆ చలానా మీ ఫోనుకు వచ్చేదే కాదు.

ఆయన అడుగుతున్న రెండు లక్షల గురించి. చట్ట ప్రకారం మీరు ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వనవసరం లేదు. ఆయన డబ్బు ఆయనకు రావలసింది అమ్మినవాడి నుంచి. అమ్మేవాడికి అమ్మే హక్కు ఉండి తీరాలన్నది ప్రతి అమ్మకంలోనూ చెప్పకపోయినా ఉండే షరతని వస్తు విక్రయ చట్టం 14వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, ఆయన ధర మొత్తం వాపసు కోరుతూ దావా వేయవచ్చు. దొంగతనం గాని, దొంగసొత్తు పుచ్చుకోవడం గాని రుజువై, అరెస్టు నాడు నిందితుడి దగ్గర డబ్బు దొరికి ఉంటే, అందులోంచి తెలియక కొన్న మనిషికి చెల్లించమని ఆదేశించే అధికారం కూడా నాగరిక సురక్షా సంహిత 499వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. ఈ సంగతులు ఆయనకు తెలిసి ఉండవు. మీరు మళ్లీ మాట్లాడవలసి వస్తే గొంతు పెంచకుండా ఇవి చెప్పండి. ఎందుకంటే ఆ 3,80,000 ఆయన ఎవరి ఖాతాకు, ఏ తేదీన, ఏ నంబరుకు పంపాడో అదే దొంగ దాకా తీసుకెళ్లే దారి, ఆ దారి ఆయన ఫోనులోనే ఉంది. ఆయన సహకరించినంత మేరకు మీ కేసూ నిలబడుతుంది, తెలిసి కొన్నాడన్న అనుమానం నుంచి ఆయనా బయటపడతాడు. ఏడాది కాలంగా బదిలీ ఎందుకు చేయించుకోలేదు, సంతకం చేసిన యజమానిని ఒక్కసారైనా ఎందుకు కలవలేదు అని పోలీసులు ఆయనను ఎలాగూ అడుగుతారు. కారుకు ఆయన వేయించిన కొత్త టైర్ల ఖర్చు వంటిది మానవత్వంతో ఇవ్వాలని మీకు అనిపిస్తే, అది కోర్టు ఉత్తర్వు వచ్చాక, రసీదు మీద, బ్యాంకు ద్వారా చేయండి. ఇప్పుడే చేతికి డబ్బు ఇస్తే, పాత అమ్మకానికి మీరు ఒప్పుకుని తిరిగి కొనుక్కున్నారని ఎవరైనా వాదించే వీలు కలుగుతుంది.

నలభై వేల బ్రోకరును దగ్గరికి రానివ్వకండి. దొంగను పట్టించడానికి తన చేతనైనదంతా చేయకుండా, పోయిన వస్తువు తెచ్చిపెడతానని ప్రతిఫలం పుచ్చుకోవడం న్యాయ సంహిత 252వ సెక్షన్ కింద దానికదే నేరం. అతనికి కారు ఎక్కడుందో ముందే ఎలా తెలిసిందన్నది కూడా దర్యాప్తు అధికారి వినవలసిన సంగతే.

క్రిమినల్ కేసు ఎటు తిరిగినా, కారును తిరిగి ఇప్పించమని సివిల్ దావా వేసే హక్కు మీకు విడిగా ఉంది. దొంగతనానికి గురైన చరాస్తి ఎవరి స్వాధీనంలో ఉందో హక్కుదారుకు మొదట తెలిసిన రోజు నుంచి మూడేళ్లు గడువని 1963 నాటి కాలపరిమితి చట్టంలో ఉంది. మీకు ఆ రోజు కారు పోయిన రాత్రి కాదు, ఖమ్మంలో ఆ వాకిట్లో కారు చూసిన రోజు. ఆ తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి, వెళ్లిన బస్సు టికెట్టు దొరికితే దాచండి.

మీ వంటి పరిస్థితిలోనే ఉండి, సమగ్ర బీమా కింద పరిహారం పుచ్చుకున్న పాఠకులు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఈ సలహా యథాతథంగా పనికిరాదు. కంపెనీ పరిహారం చెల్లించేటప్పుడు తీసుకునే కాగితాలతో కారు మీది హక్కులు కంపెనీకి దఖలుపడతాయి కాబట్టి, కారు కనిపించిన వెంటనే వారు ముందు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. అలాగే కారును నెలవారీ అద్దెకని తెలిసినవాడికి ఇస్తే అతను తాకట్టు పెట్టేసిన కేసులు ఈమధ్య తరచుగా వింటున్నాం. అది దొంగతనం కాదు, నమ్మకద్రోహం. మోసంతో రాయించుకున్న ఒప్పందం మీద చేతికి వచ్చిన వస్తువును, ఆ ఒప్పందం రద్దు కాకముందే నిజాయితీపరుడు కొంటే అతనికి హక్కు రావచ్చునని వస్తు విక్రయ చట్టం 29వ సెక్షన్ అంటుంది గనుక, అక్కడ లెక్క వేరుగా ఉంటుంది.

ఆ చలానా మొత్తం మీరు కట్టకండి. కడితే ఆ రోజు కారు మీ వాడుకలోనే ఉన్నదనే అర్థం వస్తుంది. ఎఫ్‌ఐఆర్ నంబరు, తేదీ పేర్కొంటూ ట్రాఫిక్ విభాగానికి అభ్యంతరం పంపి, దాని ప్రతిని కూడా ఎస్సైగారికి ఇచ్చే దరఖాస్తుకు జతచేయండి.